పాత లారీ వెనక హుక్కు ఊడదీస్తే బయటపడిన పగులు: ఒక కేస్ స్టడీ

అనంతపురంలో ట్రాక్టరు ట్రాలీలు, కంప్రెసర్ బండ్లు, లారీ బాడీలు చేసే షెడ్డు మాది. వెనక హుక్కు మార్చమని వచ్చే బండ్లు ఎక్కువే. చాలావరకు పూటలో తేలిపోయే పని: పాతది ఊడదీయాలి, కొత్తది పెట్టాలి, బోల్టులు బిగించాలి. ఈ ఒక్క బండి గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో మూడు జబ్బులు ఒకదాని వెనక ఒకటి నక్కి ఉన్నాయి. పైకి కనిపించిన దానికి వైద్యం చేసిన ప్రతిసారీ లోపలిది ముదురుతూ వచ్చింది. ఓనరు పేరు, ఊరు, బండి నంబరు వదిలేస్తున్నాను. కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

బండి పూర్వాపరాలు

ఇరవై ఏళ్లు దాటిన ఆరు టైర్ల చిన్న లారీ, టాటా 407 తరహాది. ఓనరు బావుల్లో బండ కొట్టించే పని చేస్తాడు, అప్పుడప్పుడు తాడిపత్రి వైపు రాతి క్వారీలకూ పోతాడు. లారీ బాడీలో మనుషులు, సామాను. వెనక హుక్కుకు రెండు చక్రాల డీజిల్ కంప్రెసర్ ట్రాలీ.

ఈ జిల్లాలోనే తిరిగిన బండికి ఛాసిస్ తుప్పు పెద్దగా పట్టదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే నేల ఇది. బండికి దుమ్ము పడుతుంది గానీ తేమ నిలవదు. అలాంటిది, ఈ బండి వెనక క్రాస్ మెంబర్ (ఛాసిస్ రెండు పక్కలనూ కలిపే అడ్డ పలక) లోపలికి వేలు పెట్టి గీరితే తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఇది ఇక్కడి తుప్పు కాదనిపించి బండి ఎక్కడిదని అడిగాను. పాత ఓనరు నెల్లూరు తీరంలో సముద్రపు చేపలు తోలేవాడట. పెట్టెల్లో ఐసు కరిగి ఉప్పునీళ్లు డెక్కు సందుల్లోంచి కారితే, పడేది సరిగ్గా వెనక క్రాస్ మెంబర్ మీద, దానికి బిగించిన హుక్కు మీద. రెండు ప్లేట్ల మధ్య సందులో ఒకసారి ఉప్పు చేరిందంటే, పైన ఎండ ఎంత కాసినా అది గాల్లోని తేమను లాక్కుంటూనే ఉంటుంది. తీరం వదిలి ఎన్నేళ్లయినా ఆ తుప్పు ఆగదు.

పాత బండి ఏదొచ్చినా ముందు అది ఏ లోడు మోసిందో అడుగుతాను. ఎక్కడ వెతకాలో ఆ జవాబే చెబుతుంది.

వచ్చిన ఫిర్యాదు

బ్రేకు వేసినప్పుడల్లా వెనక నుంచి ఠప్పుమని దెబ్బ. హైవే మీద స్పీడు 50 దాటితే ట్రాలీ అటూ ఇటూ ఊగి, స్టీరింగు దాకా తెలుస్తోంది. హుక్కు బోల్టులు ఎన్నిసార్లు బిగించినా నాలుగు రోజులకే వదులు.

ఓనరు పాత సామాన్ల అంగట్లో ట్రాక్టరు హుక్కు ఒకటి కొని వెంట తెచ్చుకున్నాడు. "కొత్త హుక్కు నేనే తెచ్చినా అన్నా. ఊరికే బిగిచ్చి ఇచ్చెయ్. బావి కాడ పని ఒప్పుకున్నా, కూలోళ్లు కాసుకొని ఉండారు" అన్నాడు. అతని తొందర నాకు అర్థమైంది. కంప్రెసర్ ఆగితే అతనికి, జాక్ హ్యామర్ పట్టేవాళ్లకు ఆ రోజు కూలి లేదు. అయినా ఆ మూడు ఫిర్యాదులూ ఒకే కారణంతో వచ్చినట్టు నాకు అనిపించలేదు. హుక్కు అరిగితే దెబ్బ వినిపిస్తుంది, నిజమే. కానీ హుక్కు అరిగినంత మాత్రాన ట్రాలీ ఊగదు.

అంతకు ముందు చేసిన రిపేర్లు

బండి కిందికి దూరి చూస్తే మునుపటి రిపేర్లన్నీ పొరలు పొరలుగా కనిపించాయి. నట్లు వదులవుతున్నాయని ఒకచోట వాటిని బోల్టులకే వెల్డింగ్ పెట్టేశారు. అయినా ప్లేటు కదులుతోందని ఇంకోచోట హుక్కు ప్లేటు అంచు పొడుగునా, లాంగ్ మెంబర్ల (ఛాసిస్ పొడుగునా రెండు పక్కలా పోయే ఉక్కు దూలాల) కింది రెక్కలకు, అంటే మడిచిన అంచులకు, అడ్డంగా వెల్డింగ్ కొట్టారు. లోడు పడితే వెనక కుంగుతోందని మరోచోట కమాను కట్టల్లో (స్ప్రింగు పట్టీల కట్టల్లో) అదనంగా పట్టీలు వేశారు.

మూడూ ఓనరు అడిగిన పనులే. ప్రతి షాపువాళ్లూ అడిగినంతవరకు చేసి ఇచ్చారు. అయితే అదనపు పట్టీలతో లారీ వెనక భాగం లేచింది, దాంతో పాటు హుక్కూ లేచింది. అడ్డంగా కొట్టిన ఆ వెల్డింగ్ ఏం చేసిందో తర్వాత చెబుతాను.

ఊడదీయక ముందే కొలతలు

పాత హుక్కు మీద చెయ్యి వేయక ముందే ట్రాలీని తగిలించి, బండి ఎలా నడుస్తోందో అలాగే నిలబెట్టి కొలిచాం. హుక్కు ఊడదీశాక ఆ సాక్ష్యం మళ్లీ దొరకదు.

చదునైన గచ్చు మీద ట్రాలీ ఫ్రేము పైన రసమట్టం పెడితే ముక్కు బాగా పైకెత్తి ఉంది. ట్రాలీ సమంగా నిలబడాలంటే హుక్కుకు తగిలే ముందు రింగు ఎంత ఎత్తులో ఉండాలో చూస్తే, హుక్కు దానికంటే 18 సెంటీమీటర్లు పైన ఉంది. కంప్రెసర్ ఇంజను బరువంతా ఇరుసు కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి, ముక్కు పైకి లేచిందంటే ఆ బరువు ఇరుసు వెనక్కు జరుగుతుంది. ముక్కు మీద పడాల్సిన భారం ఆ మేరకు తగ్గుతుంది.

ఎంత తగ్గిందో చూడాలి కదా. దగ్గర్లోని శెనక్కాయల మండీ నుంచి బస్తాలు తూచే కాటా తెప్పించి, దాని మీద చెక్క దిమ్మెలు పేర్చి, రింగును హుక్కు ఎత్తులోనే ఆనించాం. కాటా 45 కేజీలు చూపించింది. వే బ్రిడ్జి మీద ట్రాలీ మొత్తం బరువు 1,300 కేజీలు. అంటే ముక్కు మీద మూడున్నర శాతం. ఇలాంటి ఒంటి ఇరుసు ట్రాలీకి పది శాతం దరిదాపుల్లో ఉండాలి. అంతకు బాగా తగ్గితే వెనక భాగం ముందు భాగాన్ని తిప్పడం మొదలుపెడుతుంది, స్పీడు పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుంది.

దీనికి తోడు ట్రాలీ వెనక కొక్కేలకు హోసు పైపుల చుట్టలు, జాక్ హ్యామర్లు వేలాడదీసి ఉన్నాయి, 60 కేజీల దాకా. ఇరుసుకు మీటరు వెనక వేలాడే బరువది. తగిలించుకోవడానికి వీలుగా ఉందని అక్కడ పెట్టారు. ఊపుకు కారణం అక్కడే దొరికింది. హుక్కు ఎంత కొత్తదైనా అదే ఎత్తులో బిగిస్తే బండి ఊగుతూనే ఉంటుందని ఓనరుకు కాటా చూపించే చెప్పాను. అప్పటిదాకా తొందరపెట్టిన మనిషి ఆ తర్వాత తొందర పెట్టలేదు.

ఊడదీయడం

బ్యాటరీ నెగటివ్ తీసేశాం. ముందు చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, వెనక ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపాం. ఆ భాగంలో ఏమేం పోతున్నాయో చేత్తో తడిమి చూసుకున్నాం. ఎడమ లాంగ్ మెంబర్ లోపలి వైపు బ్రేకు పైపు, దాని పక్కనే వెనక లైట్ల వైరింగు, కాస్త ముందుకు డీజిల్ ట్యాంకు.

తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా నానబెట్టాం. పొద్దున పానాకు పొడుగు పైపు తొడిగి తిప్పితే బోల్టు తలలు గుండ్రంగా అరిగాయే గానీ కదల్లేదు. వెల్డింగ్ పెట్టిన నట్లు ఎలాగూ తిరగవు, వెల్డింగ్ లేని చోట మరలో తుప్పు ముద్ద కట్టి ఉంది.

గ్యాసుతో కోసేద్దామని షెడ్డులో కుర్రవాళ్లు అన్నారు. మామూలుగా అదే సులువు. ఇక్కడ వద్దన్నాను. బ్రేకు పైపు, వైరింగు, డీజిల్ ట్యాంకు దగ్గర్లో ఉండటం ఒక కారణం. రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. లాంగ్ మెంబర్ ఉక్కును ఎర్రగా కాల్చామంటే ఆ చోట దాని బలం మారిపోతుంది, బోల్టు రంధ్రం అంచు కరిగి గుంటలు పడుతుంది. రేపు కొత్త హుక్కు బిగించాల్సింది ఆ ఉక్కుకే. పాతది పోతే పోనీ గానీ, కొత్తదానికి ఆనుడుగా ఉండాల్సిన లోహం పాడు కాకూడదు.

అందుకని నెమ్మదైన దారి పట్టాం. సన్న బ్లేడు గ్రైండరుతో ఒక్కో నట్టును నిలువునా, మర తగిలే ముందు వరకు కోయడం, ఆ కోతలో ఇనుప ఉలి ఆనించి ఒక్క దెబ్బ. నట్టు రెండుగా విచ్చుకుంటే బోల్టును పంచితో వెనక్కు కొట్టి తీయడం. అడ్డ వెల్డింగును గ్రైండరుతో అరగదీస్తూ వచ్చి, చివర మిల్లీమీటరు మందం ఉండగానే ఆపాం. మిగిలింది ఆకురాయితో. గ్రైండరు ఒక్క క్షణం జారినా రెక్క మీద గాటు పడుతుంది. ఆ గాటే రేపటి పగులుకు మొదలు.

హుక్కు ప్లేటు కింద పడగానే, దానికీ క్రాస్ మెంబర్‌కూ మధ్య నుంచి తుప్పు పెచ్చులు, ఎండిన పాత పెయింటు కలిసి అట్టలుగా రాలాయి. ఒక్కో అట్ట నాణెం మందం ఉంది. బోల్టులు ఎందుకు వదులయ్యేవో అప్పుడు కళ్లకు కట్టింది. బోల్టు బిగించినప్పుడు అది నొక్కుతున్నది ఉక్కును కాదు, ఈ పెచ్చులను. రెండు గుంతల్లో పడి లేస్తే పెచ్చు నలుగుతుంది, నలిగినంత మేరా బిగువు పోతుంది. బిగువు పోయాక ప్లేటు బోల్టు మీద కొట్టుకుంటూ రంధ్రాన్ని తినేస్తుంది. 16 మిల్లీమీటర్ల బోల్టు రంధ్రాలు వెర్నియర్‌తో కొలిస్తే పొడుగు వైపు 19 దాకా సాగి ఉన్నాయి. బ్రేకు వేసినప్పుడు వినిపించిన దెబ్బ ఆ 3 మిల్లీమీటర్లది.

సుద్దపొడి చూపించిన గీత

వెల్డింగ్ తీసేసిన చోట వైరు బ్రష్షుతో లోహం మెరిసేదాకా తోమాక, కిరోసిన్ పూసి కాసేపు ఆగి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, సుద్దపొడి పల్చగా చల్లాం. పగుళ్లు చూపించే రంగు పరీక్ష డబ్బాలు దొరకని రోజుల నుంచీ ఉన్న పద్ధతి ఇది. పగులు ఉంటే లోపల ఇంకిన కిరోసిన్ పైకి ఊరి, తెల్లటి పొడిలో తడి గీతగా కనిపిస్తుంది. ఎడమ లాంగ్ మెంబర్ కింది రెక్క మీద, సరిగ్గా పాత వెల్డింగ్ అంచు ఉన్నచోట, వెంట్రుక మందాన ఒక గీత తేలింది. రెక్క అంచు దగ్గర మొదలై లోపలికి 30 మిల్లీమీటర్లు పోయి ఆగింది.

లాంగ్ మెంబర్ వంగేటప్పుడు ఎక్కువ సాగేది, ఎక్కువ నలిగేది పైరెక్క, కింది రెక్కలే. మధ్యలో నిలువు పలక మీద ఆ ఒత్తిడి తక్కువ. రెక్కకు అడ్డంగా వెల్డింగ్ వేస్తే, ఆ గీత పక్కనే లోహం గట్టిపడి, పెళుసెక్కి, ప్రతి కుదుపుకూ అక్కడే అలసిపోతుంది. ప్లేటు కదలకూడదని కొట్టిన వెల్డింగే ఛాసిస్‌ను పగలగొట్టింది.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. ఈ బండికి హుక్కు పెట్టవచ్చా, అసలు పెట్టకూడదా? పగులు వెనక కమాను బ్రాకెట్‌కు (కమాను కట్ట ఛాసిస్‌కు తగిలే చోటుకు) ఎటువైపు ఉందన్నదే నాకు గీటురాయి. బ్రాకెట్‌కు ముందుంటే, బండి మొత్తం లోడు మోసే భాగం అది. అక్కడ పగిలితే హుక్కు పని ఒప్పుకోను, లాంగ్ మెంబర్ ముక్క మార్చమంటాను. ఇది బ్రాకెట్‌కు వెనక, బయటికి వేలాడే కొసలో ఉంది. ఆ కొస మోసేది డెక్కు చివరి భాగాన్ని, హుక్కును మాత్రమే. నిలువు పలకను సుత్తితో తట్టి చూస్తే శబ్దం గట్టిగా వచ్చింది, మందం కూడా పెద్దగా తగ్గలేదు. అతికించి, బలం చేకూర్చి, కొత్త హుక్కు భారం ఆ రెక్క మీద పడకుండా చేయగలిగితే పెట్టవచ్చని తేల్చుకున్నాను.

పగులు కొసన 6 మిల్లీమీటర్ల రంధ్రం వేశాం. కొస గుండ్రమైతే పగులు ముందుకు పాకదు. గీత పొడుగునా గాడి తీసి, ఓవెన్‌లో వేడి చేసి తేమ పోగొట్టిన 7018 రకం వెల్డింగ్ రాడ్డుతో నింపి, పైన ఉబ్బు లేకుండా రెక్కతో సమంగా, పొడుగు దిశలోనే అరగదీశాం. వెల్డింగ్ ఎర్తు క్లాంపును పగులు పక్కనే పెట్టాం. దూరంగా పెడితే ఆ కరెంటు బేరింగుల్లోంచి దారి వెతుక్కుంటుంది.

కొత్త హిచ్

ఓనరు తెచ్చిన ట్రాక్టరు హుక్కును పక్కన పడేయకుండా ముందు పరీక్షించాం. క్రాస్ మెంబర్‌కు క్లాంపులతో బిగించి, కింద జాకీ పెట్టి మెల్లగా పైకి నెట్టాం. క్రాస్ మెంబర్ కింది అంచు 4 మిల్లీమీటర్లు మెలి తిరిగింది. ట్రాక్టరులో ఆ హుక్కు వెనక బరువైన పోత ఇనుము ఉంటుంది. ఇక్కడ ఉన్నది ఉప్పు తిన్న పలక. ట్రాలీ లాగినప్పుడల్లా అది ముందుకూ వెనక్కూ మెలితిరిగి కొన్నాళ్లకు చిరుగుతుంది. ఓనరు తనే జాకీ తొక్కి చూసి, ఆ హుక్కును బాడీలో వేసుకున్నాడు.

మేం చేసిన హిచ్ (ట్రాలీని తగిలించే కూర్పు) ఇది. 10 మిల్లీమీటర్ల ఉక్కు పలకలు రెండు, ఒక్కోటి లాంగ్ మెంబర్ నిలువు పలకకు బయటి వైపు ఆనేలా, కొస నుంచి కమాను బ్రాకెట్ దగ్గరి దాకా. పలక ముందు కొసను నిలువుగా కోయకుండా ఏటవాలుగా కోశాం, బలం ఒకేచోట తెగిపోకుండా. రెండు పలకలనూ కింద కలుపుతూ ఒక పెట్టె సెక్షను అడ్డబద్ద, దాని మధ్యలో పిన్ను దూరే రెండు చెవులు. పిన్ను ఎత్తు పాతదానికంటే 18 సెంటీమీటర్లు కిందికి వచ్చింది. పాత క్రాస్ మెంబర్‌కు ఇప్పుడు లాగుడుతో పని లేదు.

రంధ్రాలన్నీ నిలువు పలకలోనే, డ్రిల్లుతో. రెక్కల మీద ఒక్క రంధ్రం గానీ, ఒక్క వెల్డింగ్ చుక్క గానీ లేదు. సాగిపోయిన పాత రంధ్రాలను వాడలేదు.

బోల్టులు 16 మిల్లీమీటర్లవి, తల మీద 8.8 గుర్తు ఉన్నవి. పాత బోల్టుల మీద ఏ గుర్తూ లేదు. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దాకా తెగదు, అందులో 80 శాతం దాకా సాగి ఉండిపోదు. కానీ బోల్టు గట్టిదైతే సరిపోదు, బిగువు కావాలి. సుమారు 200 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలానికి బిగిస్తే ఒక్కో బోల్టు రెండు పలకలనూ 7 టన్నులకు పైగా బలంతో నొక్కి పడుతుంది. లాగుడును మోసేది ఆ నొక్కుడు వల్ల పలకల మధ్య పుట్టే రాపిడే. బోల్టు కాడ మీద ప్లేటు కొట్టుకుంటోందంటే ఆ కూర్పు అప్పటికే ఓడిపోయినట్టు. అందుకే కలిసే ముఖాలు రెండింటినీ తెల్లగా తోమి, పల్చటి ప్రైమరు పొర ఒక్కటి వేసి పూర్తిగా ఆరనిచ్చాం. మందంగా పెయింటు వేస్తే అదే మళ్లీ పెచ్చవుతుంది. గట్టి వాషర్లు, నైలాక్ నట్లు (వదులు కాకుండా లోపల నైలాన్ పట్టు ఉన్నవి) వేసి, టార్కు పానాతో (తిప్పుడు బలం కొలిచే పానాతో) రెండు విడతలుగా మధ్య నుంచి బయటికి బిగించి, ప్రతి నట్టు మీంచి ప్లేటు మీదికి పసుపు పెయింటు గీత గీశాం. నట్టు తిరిగితే గీత విరుగుతుంది, డ్రైవరు వంగి చూస్తే చాలు తెలుస్తుంది.

ట్రాలీ రింగులో బుష్షు అరిగి ఉంటే మార్చాం. రక్షణ గొలుసులు రెండింటినీ పిన్ను కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా పోయేలా తగిలించాం, పిన్ను ఊడినా ముక్కు నేలను పొడవకుండా గొలుసుల మీద ఆగేలా. ట్రాలీ లైట్లకు ఎర్తు ఇంతకుముందు హుక్కు ద్వారానే వచ్చేది. గ్రీజు, తుప్పు మధ్యలో చేరి లైట్లు మినుకు మినుకుమనేవి. ఎర్తుకు వేరే వైరు లాగాం.

మళ్లీ కాటా మీద

పిన్ను కొత్త ఎత్తులో రింగును ఆనిస్తే కాటా 73 కేజీలు చూపించింది. ఎత్తు సరిచేసినందుకే అంత తేడా. హోసులు, జాక్ హ్యామర్లు లారీ బాడీలోకి మార్చాక 100 దాటింది. మిగిలిన 1,240 కేజీల ట్రాలీకి అది ఎనిమిది శాతం పైచిలుకు. ఇంకాస్త కావాలనుకుంటే ముందు బద్ద మీద టూల్ బాక్సు పెట్టుకోవచ్చు. కమాను కట్టల్లోంచి అదనపు పట్టీలు తీయలేదు. బావి పని సీజనులో లారీ బాడీ మీద లోడు బాగానే పడుతుంది, హిచ్ ఎత్తు ఇప్పుడున్న కమానులకు లెక్కేసి పెట్టినదే. రేపెప్పుడైనా పట్టీలు తీస్తే హిచ్ ఎత్తు మళ్లీ కొలవాలని బిల్లు మీదే రాసిచ్చాను.

హైవే మీద ట్రాలీతో నడిపి చూశాం. 50 దాటినా ఊపు రాలేదు, బ్రేకుకు దెబ్బ లేదు. మొదటి లోడు తిరిగి వచ్చాక టార్కు పానా మళ్లీ వేస్తే కుడివైపు రెండు బోల్టులు కొద్దిగా అందుకున్నాయి, మిగతావి కదల్లేదు. కొత్త ముఖాలు ఒకదాని మీద ఒకటి సర్దుకునేటప్పుడు ఆ మాత్రం ఉంటుంది. ఆ తర్వాత చూసినప్పుడల్లా పసుపు గీతలు విరగలేదు, అతికిన చోట సుద్దపొడి మళ్లీ చల్లితే గీత రాలేదు.

కాగితాల సంగతి కూడా మొదటే చెప్పాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. లాగే ట్రాలీ అదే చట్టంలో విడిగా ఒక వాహనం. పని ఫొటోలు, బిల్లు తీసుకుని రవాణా శాఖ ఆఫీసులో మాట్లాడుకోమన్నాను. నిజానికి పని అయ్యాక కాకుండా, ముందే పోయి అడగడం మేలు.

తేలని విషయం ఒకటి మిగిలింది. ఆ ట్రాలీకి సొంత బ్రేకు లేదు. 1,200 కేజీల పైన బరువు, ఆపే భారమంతా లారీదే. గుత్తి వైపు దిగుళ్లలో అది ఎంత నెడుతుందో డ్రైవరుకు తెలుసు. ఇరుసు మార్చి, లారీ ఆగినప్పుడు ముక్కు మీద పడే తోపుడుతోనే పట్టే బ్రేకు పెట్టుకోమని అడుగుతున్నాను. సీజను డబ్బులు చేతికొచ్చాక చేయిస్తానన్నాడు. అప్పటిదాకా ట్రాలీ వెనక ఉన్నప్పుడు 40 దాటవద్దని, దిగుడు మొదలవక ముందే గేరు తగ్గించమని డ్రైవరుకే నేరుగా చెప్పి పంపాను.